ముందస్తు అరెస్టు

భీమవరం అన్నను గూడ ఇడిసిపెట్టినం సార్ అని కానిస్టేబుల్ పుల్లయ్య ఫోన్లో చెప్పిన మాట చెవిలో ఇంకా చల్లారలేదు. ఫోను జేబులోకి పోయింది, చెయ్యి మళ్లీ తాడు మీదికి వచ్చింది. పొద్దున కురిసిన వాన తాడులో మిగిలే ఉంది, అరచేతి చెమటతో కలిసి దురద పెడుతోంది, అయినా వదలడానికి లేదు. తాడు రోడ్డుకు అడ్డంగా ఈ ఫుట్‌పాత్ నుంచి ఆ ఫుట్‌పాత్ దాకా ఉంది. దాన్ని పట్టుకుని వరసగా కానిస్టేబుళ్లు, నడుమ ఎస్సై కొమురేశ్, అతని పక్కన హెడ్ కానిస్టేబుల్ చంద్రయ్య. తాడుకు అవతల జనం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక హైటెక్ సిటీలోకి ఇంత జనం రావడం కొమురేశ్ చూడలేదు. పంతుళ్లు, బస్సు డ్రైవర్లు, మెడలోని కంపెనీ ట్యాగులు తీసి జేబులో పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు, డప్పులు, బతుకమ్మ పాట అందుకున్న ఆడవాళ్లు. ఆ జనానికీ అవతల, ఎడమచేతి వైపు, నీలం అద్దాల భవనం. దాని గేటు ఇక్కణ్ణుంచి అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. షిఫ్టు అయిపోగానే ఆ గేటులోంచి సంయుక్త బయటికి వస్తుంది. ఆమె మొగుడు తేజ, పుల్లయ్య భీమవరం అన్న అన్నది అతన్నే, ఈపాటికి, ముందస్తుగా పట్టుకున్నవాళ్లను ఉంచిన చందానగర్ ఫంక్షన్ హాలు నుంచి ఎటో నడుస్తూ ఉంటాడు. ఎటో ఏమిటి, ఇటే. బస్సులు లేవు కాబట్టి ఆలస్యం కావచ్చు. ఆటో దొరికితే కాకపోవచ్చు.

ఆమెకు ఫోన్ చేస్తే స్విచాఫ్. అవుతుందని తెలిసే చేశాడు, మళ్లీ చేశాడు. పొద్దున స్టేషన్లో ఆమే చెప్పింది, మా ఫ్లోర్ మీదికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరండి, కింద లాకర్లో పెట్టి పైకి వెళ్లాలి, వేరే దేశం వాళ్ల బ్యాంకు వివరాలు ఉంటాయి కదండి అని. కంపెనీ నంబరుకు చేస్తే ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా ఒకటి నొక్కమంది, తర్వాత రెండు నొక్కమంది, తర్వాత సంగీతం. మెత్తని సంగీతం, ఎవరికీ ఏమీ కాదని చెప్పే సంగీతం. ఒక చెవిలో అది, ఇంకో చెవిలో డప్పు. కంట్రోల్ రూముకు వైర్‌లెస్‌లో చెప్పాడు, ఒక్క పెట్రోలు బండి ఆ గేటు దగ్గరికి పంపండి అని. "నేరం ఏంది సార్?" అని అడిగాడు సెట్టులో ఆపరేటర్. ఏం చెప్పాలి. ఒక ఆడమనిషికి ప్రాణాపాయం. "జరిగిందా సార్?" ఇంకా జరగలేదు. సెట్టులో కాసేపు గరగరమని చప్పుడు, ఆ చప్పుడులో అవతలివాడు నవ్వాడో నిట్టూర్చాడో తెలియలేదు. "బండ్లన్నీ బందోబస్తుల ఉన్నయి సార్. ఏమన్న అయితే చెప్పుండ్రి, పంపుత."

ఏమన్నా అయితే. ఆ మాట వాడి తప్పు కాదు, ఈ ఉద్యోగం మొత్తం ఆ మాట మీదే నిలబడి ఉంది. అయినప్పుడు మాత్రం ఎంతమంది వస్తారు. ఫొటో తీసేవాడు వస్తాడు, కుక్క వస్తుంది, వేలిముద్రలవాడు వస్తాడు, ఏసీపీ కారు దిగి ముక్కుకు రుమాలు పెట్టుకుంటాడు, టేపు పట్టి కొలుస్తారు. చచ్చినవాళ్లకు ఎన్ని సెక్షన్లో. బతికి ఉన్న మనిషికి ఒక్కటి దొరకడానికి పొద్దుటి నుంచి తిరిగాడు.

"ఓ ఎస్సై సాబ్! జర గట్టిగ పట్టుకో, పతంగి తెగిపోయేటట్టున్నది!"

జనం నవ్వారు. ముందువరసలో తలకు తువ్వాల చుట్టుకున్న బక్కపలచటి మనిషి, ఏ బడిలోనో పంతులై ఉంటాడు, తాడు మీద మోచేతులు ఆనించి, గోడమీంచి పక్కింటివాడితో మాట్లాడుతున్నట్టు నిలబడ్డాడు. "ఏ ఊరన్నా నీది? మనోడివే గదనే? ఇడువరాదు తాడు."

"ఏ ఊరైతేంది, పిల్లనిస్తవా?" అన్నాడు చంద్రయ్య.

"నీ మీసం జూసి మా ముసల్దాన్ని ఇస్త తీస్కో!"

మళ్లీ నవ్వులు. కొమురేశ్ పెదాలు కూడా కదిలాయి, కదిలాయని అతనికే ఆశ్చర్యం వేసింది, లోపల ఇంత భయం ఉండగా ముఖం తన పని తాను చేసుకుపోతోంది. వీళ్లతో అతనికి ఏ పగా లేదు. అతని భార్య కూడా పంతులమ్మే, ఈ గంటలో ఎక్కడో ఒక టెంటు కింద ఇదే పాట పాడుతూ ఉంటుంది, పొద్దున టిఫిన్ డబ్బా చేతిలో పెడుతూ, మావోళ్ల మీద చెయ్యి లేపినవనుకో, ఇగ ఇంటికి రాకు, అంది, సగం నవ్వుతూనే. సగం. ఆ మిగతా సగాన్ని అతను దారంతా మోసుకుంటూ స్టేషన్‌కు వచ్చాడు. వచ్చేసరికి బెంచీ మీద వాళ్లిద్దరూ కూర్చుని ఉన్నారు, సంయుక్త, ఆమె పిన్ని భ్రమరాంబ.

మొక్కలు. ఆ మాట దగ్గరే అతని మనసు పొద్దుటి నుంచి ఆగి ఉంది. ముందు మాట్లాడింది భ్రమరాంబే. "ఏవండీ ఎస్సైగారూ, వాడు కొట్టలేదండి, తిట్టలేదండి. కొట్టినప్పుడు మీ దగ్గరకొచ్చాం, మీరు పిలిచి చెప్పారు, అలాగేనండి అన్నాడు. ఇది నా దగ్గరకొచ్చేసి ఆర్నెల్లయింది, మళ్లీ గొడవ చేశాడు, మీరు మళ్లీ పిలిచారు, మళ్లీ అలాగేనండి అన్నాడు. నిన్న ఏమో నాకు ఫోన్ చేసి, పిన్నిగారూ నన్ను క్షమించండి అన్నాడండి. ఎందుకు బాబూ అంటే, అన్నిటికీనండి, అన్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదండి." క్షమించుమంటే మంచిదే గదమ్మా అన్నాడు చంద్రయ్య. అప్పుడు సంయుక్త తల ఎత్తకుండా, తన కాలి బొటనవేలితో మాట్లాడుతున్నట్టు చెప్పింది. బాల్కనీలో మొక్కలన్నీ వాచ్‌మన్‌కి ఇచ్చేశాడటండి. ఆయనకి మొక్కలంటే ప్రాణం సార్. నన్ను కొట్టిన రోజు కూడా వాటికి నీళ్లు పోశాకే పడుకునేవాడు. చంద్రయ్య అతని చెవి దగ్గరికి వంగి, "మొక్కలిచ్చినందుకు ఏం సెక్షన్ పెడతం సార్?" అన్నాడు, నవ్వబోయాడు, ఎస్సై ముఖం చూసి ఆ నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

ఎందుకంటే కొమురేశ్‌కు ఆ మాట కొత్త కాదు. సాక్షులు చెప్పగా ఇలాంటివి ఎన్ని రాసుకున్నాడు. ఆ ముందురోజు మేకను అమ్మేసిండు సార్. చేతి గడియారం తమ్మునికి ఇచ్చిండు. ఎన్నడు లేనిది నన్ను పలకరించిండు. అన్నీ జరిగిపోయాక చెప్పినవి, పక్కన చాప కింద పాదాలు కనిపిస్తుండగా చెప్పినవి. అప్పుడు వాళ్లంతా అడిగేది ఒకటే, మాకు అప్పుడే ఎందుకు తట్టలే సార్ అని. రేపు నీళ్లు పోసే పని ఉందనుకున్నవాడు మొక్కలు ఇవ్వడు. అలాంటి కబురు మొట్టమొదటిసారి ముందుగా చేతికి వచ్చింది, ఇంకా వెచ్చగా, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఫిర్యాదులో రాయడానికి బెదిరింపు లేదు, ఆయుధం లేదు, దెబ్బ లేదు. ఒక మనిషి ఒక నిర్ణయానికి వచ్చి నిమ్మళించాడు, అంతే. తప్పు చేయబోయేవాడు కోపంగా ఉంటాడని శిక్షణలో చెప్పారు. కోపం ఉందంటే ఇంకా బేరం ఉన్నట్టే. కోపంలో ఉన్నవాడితో మాట్లాడొచ్చు, అరవొచ్చు, ఏడిపించొచ్చు. అలాగేనండి అనేవాడితో ఏం చేయాలి.

బైండోవర్ చేయిద్దామనుకున్నాడు. మనిషిని తాసిల్దారు ముందు నిలబెట్టి, ఇన్ని నెలలు ఎవరి జోలికీ పోనని పూచీ రాయించడం, చేతిలో ఉన్నది అదొక్కటే. తాసిల్దారు ఆఫీసుకు తాళం, తాళం ముందు టెంటు, టెంటు కింద తాసిల్దారు, మెడలో సమ్మె అట్ట. అట్టను కాస్త పక్కకు జరిపి ఆయన నవ్వాడు. "ఏందయ్యా కొమురేశూ, ఇయ్యాల నేను సంతకం పెడితే మావోళ్లు నన్నే బైండోవర్ జేస్తరు. సమ్మె అయిపోనీ, పదిమందిని పట్కరా, పదిమందికి పెడత." చుట్టూ ఉన్న గుమాస్తాలు చప్పట్లు కొట్టారు. ఆయన మంచివాడు, నెల జీతం వదులుకుని కూర్చున్నాడు, ఆయన్ను తిట్టుకోవడానికి కూడా మనసు రాలేదు. అసలు సంతకం పెట్టినా ఏమయ్యేది. పూచీ రాసిన చేతికి ఇంకో పని చేతకాకుండా పోతుందా. అక్కడే, ఆ టెంటు బయట బురదలో నిలబడి ఉండగా, ఏసీపీ ఫోన్ వచ్చింది, మీ దగ్గర ముందస్తు అరెస్టులు ఎంతదాకా వచ్చినయి, కనిపించినోన్ని కనిపించినట్టు ఎక్కించుండ్రి అని. పాట పాడటం తప్ప ఏమీ చేయని మనుషుల్ని, చేస్తారేమో అనే ఒక్క మాట మీద, బస్సులకు బస్సులు నింపొచ్చు. చేస్తాడని తన ఎముకలకు తెలిసిన ఒక్కణ్ణి ముట్టుకోవడానికి లేదు. ఆ క్షణంలో, ఆ ఒక్కణ్ణి కూడా ఆ బస్సుల లెక్కలో కలిపేసే ఉపాయం తట్టింది. తట్టినప్పుడు ఎంత తెలివిగా కనిపించింది.

"సార్, ఆయన ఆంధ్రాయన. తెలంగాణ కోసం లొల్లి జేస్తడని ఎట్ల పట్కపోతం? నవ్వుతరు సార్," అన్నాడు చంద్రయ్య. నవ్వనీ. లాకప్‌లో పెడదామంటే కాపలాకు స్టేషన్లో మనిషి లేడు, అందరూ తాళ్లు పట్టుకోవడానికి పోయారు, ఫంక్షన్ హాల్లోనైతే ఎలాగూ పుల్లయ్య, ఇంకో నలుగురూ ఉన్నారు, అందరితో పాటు రాత్రి దాకా కూర్చుంటాడు. హఫీజ్‌పేట్‌లో మూడో అంతస్తు. తలుపు తట్టగానే తేజ తీశాడు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నున్నగా గీసుకున్న గడ్డం. అతని భుజం మీంచి బాల్కనీ కనిపించింది, ఖాళీ, కుండీలు ఉన్నచోట గచ్చు మీద గుండ్రటి మరకలు, వరసగా. రమ్మంటే వస్తానండి, చెప్పులు వేసుకుంటాను, అన్నాడు. ఎందుకని అడగలేదు. అమాయకుడు అడుగుతాడు, దోషి ఇంకా ఎక్కువ అడుగుతాడు. మెట్లు దిగబోతూ ఉంటే చంద్రయ్య, "తాళం ఏస్కోవయ్యా" అన్నాడు. "పర్లేదండి," అన్నాడు తేజ. ఆ తలుపును కొమురేశే దగ్గరికి లాగి వచ్చాడు. స్టేషన్‌కు వచ్చి సంయుక్తతో చెప్పాడు, ఇయ్యాల మీకు ఫికర్ లేదమ్మా, రాత్రి దాక లోపలనే ఉంటడు, నిమ్మళంగ డ్యూటీకి పో. ఆమె ఊపిరి వదిలింది. ఎంతకాలంగా బిగబట్టి ఉందో, వదిలినప్పుడు భుజాలు రెండూ కిందికి దిగాయి.

కొమురేశ్ చిన్నప్పుడు సిరిసిల్లలో వాళ్ల వాడలో పొద్దస్తమానం సాంచాలు నడిచేవి. ఇంటింటికీ రెండు, మూడు మరమగ్గాలు, ఆ చప్పుడులో మాట వినాలంటే ఎదుటివాళ్ల పెదాలు చూడాలి. ఎదురింటి భాగ్యమ్మను ఆమె మొగుడు కొడతాడని అందరికీ తెలుసు, వినపడి కాదు, మర్నాడు ఆమె నడక చూసి. కరెంటు పోయినప్పుడు మాత్రం వాడకంతా ఒక్కసారిగా చెవులు వచ్చేవి. సాంచాలు ఆగిపోయేవి, సగంలో ఉన్న కేక గాలిలో అలాగే ఉండిపోయేది, కొట్టేవాడి చెయ్యి కూడా. అప్పుడు అమ్మ పని వదిలి గడప బయటికి వచ్చి నిలబడేది. పక్కింటామె వచ్చి నిలబడేది. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, కొంగు భుజం మీద వేసుకుని ఊరికే నిలబడేవాళ్లు, ఆ మొగుడు బీడీ ముట్టించుకుంటూ బయటికి వచ్చి, ఇంతమంది ఆడవాళ్లను చూసి, మళ్లీ లోపలికి పోయి కూర్చునేవాడు. కరెంటు వస్తే ఎవరి సాంచా దగ్గరికి వాళ్లు. ఒక ఎండాకాలం కోతల్లేకుండా కరెంటు ఇచ్చారు. వాడంతా సంబరపడింది, రెండు పీసుల బట్ట ఎక్కువ దిగుతుందని. ఆ ఎండాకాలమే భాగ్యమ్మ పోయింది. ఎవరికీ ఏమీ వినపడలేదు. పోలీసులు వచ్చారు, గుమ్మానికీ మంచానికీ మధ్య దూరం కొలిచారు. ఎంత శ్రద్ధగా కొలిచారో, కొమురేశ్‌కు ఆ శ్రద్ధే గుర్తుంది. ఇక్కడ ఈ భవనాల్లో కరెంటు పోదు. పోయినా రెప్పపాటులో జనరేటర్ అందుకుంటుంది. అద్దాల వెనక ఎవరు అరిచినా బయటికి రాదు, బయట ఎవరు అరిచినా లోపలికి పోదు, ఇంత డప్పు మోగుతున్నా అక్కడ పై అంతస్తులో ఆమె ఏ దేశంవాళ్ల లెక్కలో సరిచూస్తూ, చాలా రోజుల తర్వాత భయం లేకుండా కూర్చుని ఉంటుంది. భయం తీసేసింది తనే.

పుల్లయ్య మాటలు మళ్లీ మొదటి నుంచి వినపడుతున్నాయి, ఆపుదామన్నా ఆగడం లేదు. నేను ఆపిన సార్, నా మాట ఇనుండ్రి. ఆయన రాంగనే లోపలున్నోళ్లు ఏ ఊరన్నా అని అడిగిన్రు, భీమవరం అండి అన్నడు, ఇగ జూస్కో, భీమవరం అన్న గూడ మన దిక్కే వచ్చిండని ఎత్తుకున్నరు. జై తెలంగాణ అనమంటే అన్నడు సార్, ఎంత మంచిగ అన్నడో. పక్కన కూసోబెట్టుకుని పులిహోర పెట్టిన్రు. అందర్ని ఇడిసిపెట్టుమని ఏసీపీ సార్ ఆర్డరొచ్చింది, ఈయనొక్కన్ని కూసోబెట్టిన. గేటు దాక పోయినోళ్లు మళ్లొచ్చిన్రు సార్! మనకోసం లోపలికొచ్చినోన్ని ఒక్కన్ని ఇడిసి ఎట్ల పోతం, భీమవరం అన్నను ఇడువకుంటే కదలమని గేటుకడ్డం పండుకున్నరు. నేనేం చెప్పాలె సార్? ఎప్పుడు ఇడిసినవ్ అంటే, అన్నాల యాళ్లకే సార్, మీ ఫోను కలవలే. అన్నాల వేళకు. ఫోన్లో విన్నప్పుడు ఆ మాటను లెక్క వేసుకోలేదు, వాడు నడిచినా ఈపాటికి వచ్చి ఉంటాడు. ఈ జనంలోనే ఉండి ఉండవచ్చు, తెల్లచొక్కా, ఎన్ని తెల్లచొక్కాలు ఇక్కడ. మనసు ప్రతి తెల్లచొక్కాకూ ఒక చెయ్యి అతికించి, ఆ చేతిలో ఏదో ఒకటి పెట్టి చూస్తోంది. చెప్పవలసింది పుల్లయ్యకు చెప్పలేదు. చెప్పడానికి ఏముందనుకున్నాడు, ఇతన్ని వదలొద్దు అన్నాడు, ఎందుకో చెప్పలేదు, మొక్కల సంగతి పుల్లయ్యకు చెబితే నవ్వుతాడని.

ఫోన్ మోగింది. ఒక్క క్షణం సంయుక్తే అనుకున్నాడు. భ్రమరాంబ.

"ఏవండీ, అడగొచ్చో లేదో, వాడు మీ దగ్గరే ఉన్నాడు కదండి?"

డప్పు ఆగి మళ్లీ మొదలైంది.

"ఎందుకంటే అండి, ఇవాళ సెలవు పెట్టి ఇంట్లో పడుండవే అన్నానండి దాన్ని. ఎస్సైగారు చెప్పారు కదా పిన్నీ, ఇవాళైనా నన్ను ధైర్యంగా వెళ్లనీ అంది. మీరన్నారనే పంపానండి. లేకపోతే గడప దాటనిచ్చేదాన్ని కాదు."

"నేను చూస్తున్నమ్మా," అన్నాడు. అబద్ధం కాదు, గేటును చూస్తూనే ఉన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆ వాక్యం నాలుక మీద చేదుగా మిగిలింది. ఇన్నాళ్లూ ఆ పిల్ల తనను తాను కాపాడుకుంది, దారులు మార్చుకుంది, స్నేహితురాళ్లతో కలిసి నడిచింది, ఇంట్లో ఉండిపోయింది. ఆ కాపలాను అతను ఒక్క మాటతో తీసేశాడు. యూనిఫాం మాట అనేసరికి నమ్మింది. ఈ చొక్కాకు ఉన్న బలం ఇదేనా, మనుషుల భయం తీసి జేబులో వేసుకోవడం, బదులుగా ఏమీ ఇవ్వకపోవడం. చంద్రయ్యను పంపిద్దామా. చంద్రయ్య మనసు చదివినట్టు తల అడ్డంగా ఊపాడు. "నేను పోతె ఆయన లేసి నమస్తె పెడతడు సార్. నేనేం జేయాలె, నమస్తె పెట్టాలె." సెట్టులో ఏసీపీ గొంతు, ఎవ్వరూ పాయింట్ వదలొద్దు, వదిలినోడు రేపు డ్యూటీల ఉండడు. నీలం అద్దాల మీద ఎండ దిగుతోంది. గేటు దగ్గర ఏదో కదిలింది, సెక్యూరిటీవాడు గొలుసు తీస్తున్నాడు. షిఫ్టు.

కొమురేశ్ తన చేతిలోని తాడును చంద్రయ్య చేతిలో పెట్టాడు.

"ఎటు సార్?"

"ఒంటికి పోయొస్త."

"ఒంటికి జనంలకెళ్లి పోతరా సార్?"

అతను తాడు కింద నుంచి వంగి అవతలికి వచ్చాడు. తల ఎత్తేసరికి ఎదురుగా తువ్వాల చుట్టుకున్న ఆ మనిషి కళ్లు పెద్దవి చేసుకుని, నమ్మలేనట్టు చూస్తూ, తర్వాత గొంతు చించుకుని, "పోలీసన్న వచ్చిండురో! తాడిడిసి మన దిక్కొచ్చిండు!" ఆ కేక అలలా వెనక్కి పోయి పదింతలై తిరిగి వచ్చింది. లాఠీ లేకుండా తాడు దాటి వచ్చిన పోలీసు ఇంకెందుకు వస్తాడు. ఎవరో కౌగిలించుకున్నారు, ఎవరో టోపీ తీసి ముద్దుపెట్టుకున్నారు, ఒక పెద్దామె బతుకమ్మ పళ్లెంలోని కుంకుమ తీసి నుదుటి మీద దిద్దింది, నా కొడుకే, నా కొడుకే అంటూ. తొవ్వ ఇడువుండ్రి, జర తొవ్వ ఇడువుండ్రి అని అతను అరుస్తున్నాడు, ఆ అరుపు నినాదంలో కలిసిపోతోంది. కాళ్లు నేల విడిచాయి. భుజాల మీదికి ఎత్తేశారు. టీవీ కెమెరా ఒకటి జనం తలల మీద తేలుతూ అతని వైపు తిరిగింది, దాని ఎర్రదీపం చూశాడు, ఉద్యోగం పోయిందని మనసులో ఎక్కడో ఎవరో నింపాదిగా రాసుకున్నారు, అయినా కళ్లు అటు లేవు. ఇంత ఎత్తు మీంచి గేటు స్పష్టంగా కనిపించింది. గేటులోంచి బయటికి వస్తున్న ఆడపిల్లలు, మెడల్లో ట్యాగులు. గేటు పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరికీ అడ్డం కాకుండా, ఒక తెల్లచొక్కా. అతను చెయ్యి చాచి అటు చూపించి, ఆగు అని అరిచాడు. చాచిన చెయ్యి చూసి జనం జై తెలంగాణ అన్నారు.

ఎలా దిగాడో, ఎవరి భుజాన్ని తన్నాడో, గుండీలు ఎక్కడ తెగాయో. పరుగెత్తాడని కూడా తెలియలేదు, గోడ దగ్గరికి చేరాక ఊపిరి ఆడకపోవడం చూసి తెలిసింది. తేజ లేచి నిలబడ్డాడు. "నమస్తే అండి సార్. మీరొస్తారనుకోలేదండి." చేతులెత్తు అన్నాడు కొమురేశ్. అలాగేనండి. ఎత్తాడు. చొక్కా కింద, నడుము దగ్గర, కాళ్ల వెంట వెతికాడు. ఒక రుమాలు, ఒక దువ్వెన. చేతిసంచిలో చెయ్యి పెట్టాడు, మెత్తగా ఏదో తగిలింది, తీసి చూస్తే విస్తరాకు పొట్లం. "పులిహోరండి. దారిలో తినమని వాళ్లు కట్టిచ్చారు. మంచివాళ్లండి. మీరు తింటారా?" ఇంకేమీ లేదు. సంచి బోర్లించాడు, ఏమీ లేదు. ఏదైనా దొరికితే బాగుండునని, ఒక బ్లేడు ముక్కయినా, తను ఎంతగా కోరుకుంటున్నాడో అతనికి అప్పుడు తెలిసింది. దొరికితే దానికి సెక్షన్ ఉంది. ఖాళీ చేతులకు లేదు, ఆ చేతులనే చూశాడు, కుండీలు మోసి గోళ్లలో కాస్త మట్టి ఉన్న చేతులు. ఎందుకొచ్చినవ్ అంటే, చూడ్డానికండి అన్నాడు. చూడ్డం తప్పా అండి?

సంయుక్త బయటికి వచ్చింది. లాకర్లోంచి తీసిన ఫోను చేతిలో వెలుగుతోంది, దాన్ని చూస్తూ నాలుగడుగులు వేసి, తల ఎత్తి ఆగిపోయింది. ముందు తేజను చూసింది, తర్వాత కొమురేశ్‌ను చూసి ముఖం కాస్త తేటపడింది, ఈయనే వెంటబెట్టుకుని తెచ్చాడనుకుంది కాబోలు. తర్వాత చుట్టూ చూసింది. జీపు లేదు. ఇంకో పోలీసు లేడు. ఎస్సై నుదుటి మీద కుంకుమ, తల మీద టోపీ లేదు, చొక్కా తెరుచుకుని ఉంది. ఆమెకు అర్థం కావడం అతను కళ్లారా చూశాడు. ఆ తేట ఒక్కొక్క చోటా ఆరిపోతూ పోయింది, ఆఖరున కళ్లలో.

తేజ కూడా అది చూశాడు. అతని గొంతులో వెటకారం లేదు, బస్సు ఎప్పుడొస్తుందని అడిగేవాడి గొంతు. "ఇవాళంటే వచ్చారు. మీరు రోజూ వస్తారా అండి?"

భుజం మీద సెట్టు పిలుస్తోంది, కొమురేశ్, కొమురేశ్, ఏసీపీ సార్ అడుగుతున్నరు, మీరెక్కడున్నరు, టీవీల మీరేనా. అతను దాని నోరు నొక్కేశాడు. తేజ కళ్లలోకి చూస్తూ, "వస్త," అన్నాడు.

అది నిజం కాదని ముగ్గురికీ తెలుసు. రేపటికి ఈ చొక్కా ఉంటుందో లేదో, ఉంటే ఏ తాడు దగ్గర నిలబెడతారో. తేజ తల ఊపాడు. "సరేనండి," అన్నాడు. పొట్లం సంచిలో పెట్టుకుని, చొక్కా నలిగినచోట చేత్తో సవరించుకుని, జనం వైపు నడిచాడు. తొందర లేదు. వెనక్కి చూడలేదు. ఎవరో దూరం నుంచి, అరె భీమవరం అన్నా, ఇటు రా, అని పిలిచారు, అతను చెయ్యి ఊపాడు.

"పదమ్మా, ఇంటిదాక తోలిస్త," అన్నాడు కొమురేశ్. ఆమె కదలలేదు. ఆ తెల్లచొక్కా మిగతా తెల్లచొక్కాల్లో కలిసిపోయేదాకా చూసింది, కలిసిపోయాక కూడా అటే చూస్తూ, ఫోను సంచిలో పెట్టుకుని జిప్పు లాగింది. తర్వాత అతని వైపు తిరిగింది.

"రేపు నాది పొద్దుటి షిఫ్టండి," అంది. "ఆరింటికల్లా ఇక్కడుండాలి."